ఒకే బియ్యం, నాలుగు సుంకాలు: 2025లో ఒక చిన్న దిగుమతిదారు కేసు

నేను న్యూజెర్సీలో కస్టమ్స్ బ్రోకర్‌ని. ఇండియా నుంచి సరుకు తెప్పించుకునే చిన్న వ్యాపారుల తరఫున ఎంట్రీ కాగితాలు, అంటే సరుకు దేశంలోకి వస్తోందని కస్టమ్స్‌కి ఇచ్చే పత్రాలు, దాఖలు చేయడం, సుంకం లెక్క కట్టడం, రేవులో సరుకు విడిపించడం నా పని. 2025లో నాకొచ్చిన ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో మొదలయ్యేవి: "ఇవాళ ఎంత శాతం?" జవాబు చెప్పినా అది మర్నాటికి ఉంటుందో లేదో తెలియని ఏడాది అది. అందులోంచి ఒక కేసు రాస్తున్నాను, ఎందుకంటే శాతం కంటే ఆ శాతం మారే తీరు వ్యాపారాన్ని ఎలా దెబ్బతీస్తుందో ఇందులో బాగా కనిపిస్తుంది. క్లయింటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, కంపెనీ, బ్రాండ్ల పేర్లు లేవు, డబ్బు అంకెలు గుండ్రం చేశాను, మనుషులకి సంబంధించిన ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

కోస్తా నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఆయన కొనుగోళ్ళు, అమ్మకాలు చూసుకుంటాడు, ఆవిడ లెక్కలు, గోడౌన్. సోనా మసూరి బియ్యం, ఆవకాయ, గోంగూర లాంటి పచ్చళ్ళు, పొడులు, కారప్పూస, చేగోడీల లాంటి చిరుతిళ్ళు, కొద్దిగా అల్యూమినియం కుక్కర్లు, ఇడ్లీ పాత్రలు. ఇవి చెన్నై నుంచి కంటైనర్లలో తెప్పించి చుట్టుపక్కల మూడు రాష్ట్రాల్లోని ఇండియన్ స్టోర్లకి హోల్‌సేల్‌గా వేస్తారు. ఏడాదికి దాదాపు 15 లక్షల డాలర్ల సరుకు.

2025కి ముందు వీళ్ళకి సుంకం అనేది పెద్ద ఖర్చే కాదు. మర పట్టిన మామూలు బియ్యానికి కిలోకి 1.4 సెంట్లు. లెక్క సులువుగా ఉండాలని 20 టన్నుల కంటైనర్, 20,000 డాలర్ల సరుకు అనుకుందాం. దాని మీద సుంకం 280 డాలర్లు. అదే సరుక్కి విలువ మీద 10 శాతం అదనంగా పడితే 2,000 కలుస్తుంది, 25 అయితే 5,000, 50 అయితే 10,000. హోల్‌సేల్ కిరాణాలో మార్జిన్ ఎంత సన్నగా ఉంటుందో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, తర్వాత ఇదే అడ్డం పడింది కాబట్టి. 2023 జులైలో ఇండియా బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు అమెరికాలో మనవాళ్ళు స్టోర్ల ముందు క్యూలు కట్టి బస్తాల మీద బస్తాలు కొనుక్కుపోయారు, కొన్ని చోట్ల బస్తా ధర ఒక్కసారిగా ఎగిరింది. అప్పటి నుంచి బియ్యం ధర పెరిగిందంటే చాలు, "మళ్ళీ మొదలెట్టార్రా వీళ్ళు" అనే అనుమానం జనంలో ఉండిపోయింది.

సమస్య

ఏప్రిల్ 2 సాయంత్రం వైట్ హౌస్ రోజ్ గార్డెన్‌లో ట్రంప్ బోర్డు పట్టుకుని దేశాలవారీగా 'రెసిప్రోకల్' సుంకాలు ప్రకటించాడు. ఇండియాకి 26 శాతం. ఆ రాత్రే ఫోన్. "అన్నా, 26 అంటున్నాడు. చెన్నైలో లోడింగ్‌కి రెడీగా ఉన్నవి రెండున్నాయి, ఆపేయమని చెప్పేదా?"

ఆపొద్దన్నాను. అప్పటికి నా దగ్గరున్నది టీవీలో చూసిన బోర్డు మాత్రమే. ఫిబ్రవరిలో కెనడా, మెక్సికోల మీద 25 శాతం అన్నాడు, రెండు రోజుల్లో నెల వాయిదా వేశాడు, మార్చి 4న అమలు చేశాడు, 6న ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందం కిందికి వచ్చే సరుక్కి మినహాయించాడు. ఆ నెల రోజుల్లోనే నాకు అర్థమైంది ఏమిటంటే, ప్రకటన విని సరుకు ఆపినవాళ్ళూ నష్టపోయారు, ప్రకటన విని తొందరపడి తెప్పించినవాళ్ళూ నష్టపోయారు. ఈసారీ అంతే. బోర్డు మీద ఇండియాకి 26 ఉంది, ఆర్డర్‌కి జతచేసిన అనుబంధంలో 27 ఉంది, తర్వాత దాన్ని 26కి దిద్దారు. వంద కోట్లు దాటిన జనాభా ఉన్న దేశం మీద పన్ను వేస్తూ ఒక శాతం అటూ ఇటూ అయితే ఏముందిలే అనుకునే పద్ధతి ఇది.

కాగితం చదివితే రెండు విషయాలు తేలాయి. ఏప్రిల్ 5 నుంచి అందరికీ 10 శాతం, ఏప్రిల్ 9 నుంచి దేశం వారీ రేటు. ఏప్రిల్ 5 మొదలవకముందే ఓడలోకి ఎక్కి దారిలో ఉన్న సరుక్కి మినహాయింపు ఉంది. అంటే ఇక్కడ పనికొచ్చేది బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) మీద 'ఓడలోకి ఎక్కింది' అని వేసిన తేదీ. ఇన్‌వాయిస్ తేదీ కాదు, ఫ్యాక్టరీ గేటు దాటిన తేదీ కాదు. వీళ్ళ కంటైనర్ ఒకటి మార్చి చివర్లోనే ఎక్కింది, అది సున్నాతో బయటపడింది. రెడీగా ఉన్న రెండూ 26కి తయారై ఎక్కాయి. ఏప్రిల్ 9 అర్ధరాత్రి 26 అమల్లోకి వచ్చింది, అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ట్రంప్ సొంత సోషల్ మీడియా ట్రూత్ సోషల్‌లో పోస్టు: చైనాకి తప్ప అందరికీ 90 రోజుల వాయిదా. అవి రేవుకి చేరేసరికి కట్టింది 10 శాతం. ఆపేసి ఉంటే ఆ సరుకు లేక ఉగాది తర్వాత అరలు ఖాళీ అయ్యేవి, చెన్నైలో డెమరేజీ (సరుకు రేవులో ఆగినందుకు కట్టే రుసుము) వేరే.

ఇక్కడే ఈ కేసులో అసలు రోగం తెలిసింది. 10 శాతాన్ని ఈ వ్యాపారం తట్టుకోగలదు. వారం వారం మారే 10, 26, మళ్ళీ 10ని తట్టుకోలేదు. చెన్నై నుంచి ఇక్కడికి ఓడ రావడానికి నెల పైనే పడుతుంది, ఆఫ్రికా కొసన ఉన్న కేప్ చుట్టూ తిరిగి వస్తే నెలన్నర దాటుతుంది. ఆర్డర్ పెట్టిన రోజు ఉన్న రేటు సరుకు దిగే రోజుకి ఉండదు. ధర ఎంత చెప్పాలో తెలియకుండా సరుకు కొనాలి.

కోపం ఎవరి మీదికి మళ్ళింది

మొదట చేసిన పని ఇన్‌వాయిస్ కింద 'టారిఫ్ సర్‌చార్జ్ 10 శాతం' అని విడిగా ఒక లైను వేయడం. ఆలోచన తప్పేం కాదు. ధర పెంచింది మేం కాదు, ప్రభుత్వం అని స్టోర్ వాళ్ళకి తెలియాలి కదా అని ఆయన వాదన. ఏప్రిల్ చివర్లో అమెజాన్ ధర పక్కన సుంకం ఎంతో చూపించబోతోందని వార్త రావడం, వైట్ హౌస్ దాన్ని శత్రుపూరితమైన రాజకీయ చర్య అనడం, అమెజాన్ అలాంటిదేం లేదనడం చూశాక ఈయనకి ఇంకా పట్టుదల పెరిగింది. ఆ లైను పేరు 'ట్రంప్ ట్యాక్స్' అని మారుస్తానన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. రాజకీయం సంగతి పక్కన పెట్టినా, వీళ్ళ సరుకు కొనే స్టోర్ ఓనర్లలో ట్రంప్‌ని మెచ్చుకునేవాళ్ళు తక్కువేం లేరు. ఈయన సొంత బావమరిదే 2024 నవంబర్‌లో స్వీట్లు పంచాడు.

పేరు మార్చకపోయినా సర్‌చార్జ్ లైను నెల తిరక్కుండా దెబ్బతింది. మొదటి కారణం, 10 శాతం దేని మీద? సుంకం పడేది ఇండియాలో కొన్న విలువ మీద. ఇన్‌వాయిస్ మీద 10 శాతం వేస్తే అమ్మకం ధర మీద వేసినట్టు. లెక్క తెలిసిన ఒక స్టోర్ ఓనర్ అది పట్టుకున్నాడు, నిజమే కూడా. రెండోది, మార్చిలో ఎక్కి సుంకం లేకుండా వచ్చిన బియ్యానికీ అదే లైను పడింది. ఆవిడ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో కంటైనర్ వారీగా విడదీసే ఏర్పాటు అప్పటికి లేదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం: స్టోర్లో కౌంటర్ దగ్గర నిలబడే మనిషికి ఈ లైను కనిపించదు, బస్తా మీద ధరే కనిపిస్తుంది. ఒక శనివారం నేను వాళ్ళతో పాటు ఒక స్టోర్‌కి వెళ్ళాను. ఒక పెద్దాయన ఇరవై పౌన్ల బియ్యం సంచి కౌంటర్ మీద పెట్టి, కొత్త ధర స్టిక్కర్ని గోటితో గీకి కింద ఉన్న పాత ధర చూపించి, "వాళ్ళిద్దరూ కొట్టుకుంటే మా మీద పడతారేంటి, రెండేళ్ళ కింద బియ్యం లేవని దోచుకున్నారు, ఇప్పుడు ఇదా" అన్నాడు. క్యాషియర్ అమ్మాయి కాలేజీ పిల్ల, ఏం చెబుతుంది పాపం. సంచి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడాయన.

నిజానికి ఆయన కోపంలో అబద్ధం లేదు. వాణిజ్య విధానం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది, దేశంలో తయారీ పెరగాలంటే సుంకాలు కావాలనేవాళ్ళ వాదన కూడా వినదగ్గదే. కానీ న్యూజెర్సీలో సోనా మసూరి పండదు, ఆవకాయ కాయ కాయదు. ఇక్కడ కాపాడుకోవాల్సిన పరిశ్రమ లేని సరుకు మీద, అది కూడా పగలు ఒక మాట రాత్రి ఒక మాటగా పన్ను వేస్తే, జనం కోపం ఎవరో ఒకరి మీద పడుతుంది. వైట్ హౌస్ దూరంగా ఉంది, కిరాణా కొట్టు దగ్గరగా ఉంది.

వేసవి కొనుగోళ్ళు

90 రోజుల వాయిదా అంటే జులై 9 దాకా. ఆ లోపు 10 శాతం మీద ఎంత వీలైతే అంత తెప్పించేద్దామని ఆయన లైన్ ఆఫ్ క్రెడిట్ (బ్యాంకు ఇచ్చిన అప్పు పరిమితి) పూర్తిగా వాడేయడానికి సిద్ధపడ్డాడు. అప్పు మీద వడ్డీ, గోడౌన్ అద్దె, సరుకు పాడయ్యే ప్రమాదం ఒక వైపు, 16 శాతం తేడా ఇంకో వైపు. బియ్యానికి లెక్క గిట్టింది. ఏ సరుక్కైనా గిట్టుతుందని ఆయన, కాదని ఆవిడ. చివరికి విషయం తేల్చింది ఆవిడ మాటే: "బియ్యం పాతబడితే ఇంకా రేటు వస్తుంది అన్నయ్యగారూ, కారప్పూస పాతబడితే ఎవరు కొంటారు?"

అయినా రెండు కంటైనర్ల చిరుతిళ్ళు ఆర్డర్ అయిపోయాయి, సప్లయర్ తక్కువకి ఇస్తున్నాడని. అందరూ ఇదే పని చేశారు కాబట్టి ఆగస్టు, సెప్టెంబర్‌లలో మార్కెట్ నిండా చిరుతిళ్ళే. గడువు తేదీ దగ్గరపడ్డ సరుకుని సగం ధరకి వదిలించుకోవాల్సి వచ్చింది. అటు జులై 9 గడువు కూడా నిలవలేదు, జులై 7న ఆగస్టు 1కి జరిపారు, చివరికి అమలైంది ఆగస్టు 7న. తొందరపడి తెచ్చిన చిరుతిళ్ళు ఆ నెల రోజులు ఆగి తెచ్చినా అదే 10 శాతానికి వచ్చేవి. బియ్యం మాత్రం కాపాడింది, డిసెంబర్ దాకా ఆ పాత నిల్వే నడిపించింది.

కుక్కర్ల కథ చిన్నది. అల్యూమినియం మీద వేరే చట్టం కింద మార్చి 12 నుంచి 25 శాతం, జూన్ 4 నుంచి 50. వస్తువులో లోహం విలువెంతో విడిగా చూపిస్తే అప్పట్లో దాని మీదే ఆ రేటు, లేకపోతే మొత్తం విలువ మీద. సప్లయర్‌ని లోహం విలువ లెక్క పంపమంటే లెటర్‌హెడ్ మీద ఒక్క వాక్యం రాసి పంపాడు. దాంతో ఎంట్రీ వేయలేనని చెప్పాను. ఆడిట్‌లో అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. కుక్కర్లు మానేశారు.

అడ్డదారులు

ఇది ఎక్కువ చెప్పను గానీ చెప్పకుండా వదిలేయలేను, ఎందుకంటే ఈ ఏడాది దాదాపు ప్రతి క్లయింటూ అడిగాడు. దుబాయ్‌లో ఉన్న బావగారొకరు, బియ్యం అక్కడికి పంపితే సంచులు మార్చి యూఏఈ సరుకుగా పంపిస్తానన్నాడు, అక్కడి సరుక్కి 10 శాతమే కదా అని. సంచి మార్చినంత మాత్రాన బియ్యం పుట్టిన దేశం మారదు. పైగా జులై 31 ఆర్డర్‌లోనే, సుంకం ఎగ్గొట్టడానికి దారి మళ్ళించిన సరుకు మీద 40 శాతం, దాని పైన జరిమానాలు అని రాసి ఉంది. రెండో ఐడియా, ఇన్‌వాయిస్ తగ్గించి రాయించి మిగతాది ఊళ్ళో చుట్టాల ద్వారా ఇవ్వడం. ఆ మాట ఇంకోసారి నా దగ్గర అంటే ఫైలు తిరిగి ఇచ్చేస్తానన్నాను. కోపంగా ఉన్న మనిషి ఇలాంటివి అడుగుతాడు, ఎవరో నాతో అన్యాయంగా ఆడుతున్నప్పుడు నేను మాత్రం నియమం ఎందుకు పాటించాలి అనిపిస్తుంది. అది అర్థమవుతుంది. కానీ సంతకం నాది, పూచీ వాళ్ళది.

ఆగస్టు

జులై 30న ఇండియా మీద 25 శాతం, రష్యా చమురు కొంటున్నందుకు అదనంగా పెనాల్టీ అని పోస్టు. ఆగస్టు 6న ఆ పెనాల్టీ ఇంకో 25 శాతం అని ఆర్డర్, ఆగస్టు 27 నుంచి అమలు. మొత్తం 50. ఈయన మేనమామకి ఊళ్ళో రొయ్యల చెరువులున్నాయి. ఆంధ్రా రొయ్యలకి అమెరికాయే పెద్ద మార్కెట్ కాబట్టి అక్కడ కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలనే సైజు) రేట్లు పడ్డాయి, ఇక్కడ బియ్యం రేటు పెరిగింది. ఒకే కుటుంబం రెండు చివర్లా నష్టపోయింది.

రెండు ఆర్డర్లలోనూ దారిలో ఉన్న సరుక్కి మినహాయింపులున్నాయి, కానీ తేదీలు వేర్వేరు. ఆగస్టు 7 లోపు ఓడ ఎక్కి అక్టోబర్ 5 లోపు ఎంట్రీ అయితే మొదటి 25 బదులు పాత 10. ఆగస్టు 27 లోపు ఎక్కి సెప్టెంబర్ 17 లోపు ఎంట్రీ అయితే రెండో 25 లేదు. ఇప్పుడు కూర్చుని కలపండి. ఆగస్టు మొదటి వారంలో ఎక్కి సెప్టెంబర్ 17 లోపు దిగితే 10 శాతం. ఆగస్టు రెండో వారంలో ఎక్కి అదే తేదీ లోపు దిగితే 25. మొదటి వారంలో ఎక్కి సెప్టెంబర్ 20న దిగితే 35. ఆగస్టు చివర్లో ఎక్కితే 50. అదే మిల్లు, అదే బియ్యం, అదే సంచి, ఒకే నెలలో నాలుగు రేట్లు. వీళ్ళ కంటైనర్లలో ఒకటి 10కి దొరికింది, ఒకటి రెండు మూడు రోజుల తేడాలో 35కి పోయింది, మిగతావి 50. ముందే ఎంట్రీ ఫైల్ చేస్తే పాత రేటు దొరుకుతుంది కదా అని ఆయన అడిగాడు. దొరకదు, ముందు ఫైల్ చేసినా ఓడ రేవు హద్దుల్లోకి వచ్చాకే అది ఎంట్రీగా లెక్క.

అప్పుడు బాండెడ్ గోడౌన్ ఆలోచన వచ్చింది. సరుకుని సుంకం కట్టకుండా కస్టమ్స్ అదుపులో ఉండే గోడౌన్‌లో పెట్టొచ్చు, బయటికి తీసిన రోజు ఏ రేటు ఉంటే అది కట్టొచ్చు. ఇండియా, అమెరికా వాణిజ్య ఒప్పందం ఇవాళో రేపో అని పేపర్లన్నీ రాస్తున్నాయి. నాకు నమ్మకం లేదు, కానీ లెక్క వేస్తే ఒక్క కంటైనర్ మీద ప్రయోగం చేయడానికి నష్టం పరిమితం, రేటు తగ్గితే లాభం పెద్దది. అందుకని ఒక్కటే పెట్టించాను. తగ్గలేదు. అక్టోబర్ 2 దసరా, 20న దీపావళి, స్టోర్లకి సరుకు కావాలి. విడతలుగా 50 శాతం కట్టి బయటికి తీశారు, పైన గోడౌన్ అద్దె, రెండుసార్లు లారీ. అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా ప్రభుత్వం మూతపడింది, 43 రోజులు, అప్పటిదాకా దేశ చరిత్రలో అంత పొడవు షట్‌డౌన్ లేదు. రేవులో అధికారులు జీతం లేకుండా పనికొచ్చారు, సరుకు కదిలింది. వాళ్ళని చూస్తే మా మీద మాకు జాలి కొంచెం తగ్గింది.

ఇందులో ఎవరూ ఊహించని మలుపొకటి. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి ఉన్న సుంకం మినహాయింపు ఆగస్టు 29తో పోయింది, దానికి ముందే ఇండియా పోస్ట్ అమెరికాకి చాలా రకాల పార్సిళ్ళు తీసుకోవడం ఆపేసింది. అమ్మ పంపే ఆవకాయ, కందిపొడి ఆగిపోయినవాళ్ళంతా స్టోర్లకి వచ్చారు. 50 శాతం సుంకంతో కూడా పచ్చళ్ళు అంతకుముందుకంటే ఎక్కువ అమ్ముడయ్యాయి.

పనిచేసినవి

అన్నిటికంటే ఎక్కువ కలిసొచ్చింది చాలా మామూలు విషయం. సప్లయర్ ఇన్నేళ్ళూ ఓడ ఛార్జీ, ఇన్సూరెన్సు కలిపి ఒకే ధరగా ఇన్‌వాయిస్ ఇస్తున్నాడు. అమెరికాలో సుంకం పడేది సరుకు విలువ మీద, అంతర్జాతీయ రవాణా, ఇన్సూరెన్సు ఖర్చు విడిగా చూపించి రుజువు పెడితే అది తీసేయొచ్చు. బియ్యానికి కిలో లెక్కన 1.4 సెంట్లు ఉన్న రోజుల్లో ఇదెవరికీ పట్టలేదు, తేడా ఏమీ రాదు కాబట్టి. 20,000లో 3,000 ఓడ ఛార్జీ అయితే, 50 శాతం దగ్గర ఆ ఒక్క లైను విలువ 1,500 డాలర్లు. జూన్ నుంచి అన్ని ఇన్‌వాయిస్‌లూ అసలు ఛార్జీల బిల్లులతో సహా విడగొట్టించాం. చట్టబద్ధంగా, ఎవరినీ బతిమాలకుండా వచ్చిన డబ్బు. సప్లయర్ కూడా ఆగస్టు తర్వాత ధర కొంత తగ్గించాడు. నిజంగా తగ్గిన ధర కాబట్టి సుంకమూ ఆ మేరకు తగ్గింది.

రెండోది బాండ్. దిగుమతిదారు సుంకం కట్టకపోతే ష్యూరిటీ కంపెనీ కడుతుందనే పూచీ అది. ఏడాది సుంకంలో పదో వంతు ఉండాలి, కనీసం 50,000 డాలర్లు. అంటే 5 లక్షల డాలర్ల సుంకం దాకా సరిపోతుంది. ఏడాదికి 30,000 కూడా కట్టని వీళ్ళు దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. 15 లక్షల సరుక్కి 50 శాతం అంటే ఏడున్నర లక్షలు. బాండ్ చాలదని నోటీసు వచ్చాక పెంచుకుందామంటే ఈలోపు కంటైనర్ రేవులో ఆగుతుంది. జులై 30 పోస్టు వచ్చిన వారంలోనే 80,000కి పెంచమన్నాను. పోస్టు చూసి ఏమీ చేయొద్దనే నేను ఇక్కడ మాత్రం పోస్టు చూసే కదిలాను, ఎందుకంటే రేటు రాకపోతే నష్టం కొంచెం ప్రీమియం, వస్తే ఆగేది మొత్తం సరుకు. ష్యూరిటీ వాళ్ళు బ్యాలెన్స్ షీట్ అడిగారు, ఆవిడ లెక్కలు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి పనైపోయింది.

సుంకం సరుకు విడుదలైన పది పనిదినాల్లో కట్టాలి. దాన్ని నెలవారీ స్టేట్‌మెంట్‌కి మార్చుకుంటే ఆ నెల ఎంట్రీలన్నీ కలిపి తర్వాతి నెల పదిహేనో పనిదినానికి కట్టొచ్చు, వడ్డీ లేకుండా. అది చేశాం. స్టోర్ల నుంచి వసూలయ్యేలోపు చేతిలోంచి డబ్బు పోకుండా ఆపింది ఇదే.

ధరల విషయంలో సర్‌చార్జ్ లైను తీసేసి, కంటైనర్ వారీ ధర పెట్టారు. ఈ కంటైనర్ బియ్యం ఇంత, అయిపోయేదాకా మారదు. తర్వాతి కంటైనర్ ధర అది దిగాకే. పెద్ద స్టోర్ల ఓనర్లకి మాత్రం ఎంట్రీ సమ్మరీలో సుంకం పేజీ చూపించారు. ఒకాయన అది చూసి, "ఇదంతా మీరు కట్టారా? ఇండియా వాళ్ళు కడతారనుకున్నానే" అన్నాడు. ఇంకెవరో కాదు, ఇరవై ఏళ్ళుగా వ్యాపారంలో ఉన్న మనిషి. సుంకం ఎగుమతి దేశం కడుతుందని అంతగా చెప్పారు మరి. ఆ తర్వాత బేరం నడిచింది గానీ అనుమానం నడవలేదు. అయిపోయేదాకా ధర మారదనే హామీ స్టోర్ వాళ్ళకి ధర తగ్గడం కంటే ఎక్కువ నచ్చింది, స్టిక్కర్ మీద స్టిక్కర్ వేసే పని తప్పింది కాబట్టి.

కొనుగోళ్ళకి ఒక్కటే పరీక్ష పెట్టుకున్నాం: ఆర్డర్‌లో రాసి ఉన్న అతి పెద్ద రేటు కడితే కూడా ఇది అమ్ముడవుతుందా? పచ్చళ్ళు, పొడులు అవుతాయి. బియ్యం కొంతవరకు. చిరుతిళ్ళు కావు. ఏ పోస్టు వచ్చినా ఆ జాబితా మారదు. దీంతో అర్ధరాత్రి ఫోన్లు తగ్గాయి. నవంబర్ మధ్యలో టీ, కాఫీ, మసాలా దినుసుల లాంటివి రెసిప్రోకల్ సుంకం నుంచి తప్పించారు. కిరాణా ధరల మీద జనంలో పెరిగిన అసంతృప్తికి అది జవాబని నా అంచనా. బియ్యం ఆ జాబితాలో లేదు.

2025 డిసెంబర్ నాటికి

ఈ సుంకాలకి ఆధారమైన 1977 నాటి అత్యవసర అధికారాల చట్టం ఇలాంటి పన్ను వేసే అధికారం ఇవ్వదని మే 28న అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కోర్టు చెప్పింది, మర్నాడే దానికి స్టే వచ్చింది. ఆగస్టు 29న అప్పీలు కోర్టు 7-4తో అదే చెప్పింది. నవంబర్ 5న సుప్రీంకోర్టులో వాదనలు ముగిశాయి. 2025 డిసెంబర్‌లో ఇది రాసే నాటికి తీర్పు రాలేదు. కాస్ట్‌కో లాంటి పెద్ద కంపెనీలు కట్టిన డబ్బు చేజారకుండా ముందే దావాలు వేసుకుంటున్నాయి. మా వాళ్ళకి అంత స్తోమత లేదు. ఆవిడ ఒక షీట్ పెట్టింది: ఎంట్రీ నంబరు, ఓడ ఎక్కిన తేదీ, దిగిన తేదీ, ఏ చట్టం కింద ఎంత కట్టాం, ఎంట్రీ ఖరారయ్యే (కస్టమ్స్ సుంకం లెక్క ముగించే) తేదీ. మామూలుగా 314 రోజులకి ఖరారవుతుంది, అప్పటి నుంచి 180 రోజుల్లో అభ్యంతరం దాఖలు చేయాలి. సుంకం పడ్డ మొదటి ఎంట్రీలు, అంటే మే నెలవి, 2026 మార్చి, ఏప్రిల్‌లో ఖరారవుతాయి కాబట్టి ముందు వాటి ఫారాలు సిద్ధం చేస్తున్నాను.

ఇంకా తేలనిది స్టోర్ల వాళ్ళ సంగతి. సుంకం పేజీ చూసి పూర్తి ధర కట్టినవాళ్ళు, డబ్బు వెనక్కి వస్తే అందులో మా వాటా ఏది అని ఇప్పుడే అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. చట్టప్రకారం వాపసు వచ్చేది దిగుమతిదారుకి, కింద ఎవరికెంత ఇవ్వాలనేది వాళ్ళ మధ్య ఒప్పందం. ఇంతవరకు నోటిమాటగా నడిచిన వ్యాపారం కాబట్టి అలాంటి ఒప్పందం లేదు. 2026 జనవరి ధరల పత్రంలో దాని మీద ఒక పేరా చేర్చమన్నాను, వాటా సగం అని ఆయన, మూడో వంతని ఆవిడ, ఆ పేరా ఇంకా ఖాళీగానే ఉంది.